అల్లుడుగారి వేగం

మా అన్నయ్య తలుపు కూడా కొట్టకుండా తరగతిలోకి వచ్చి, విరిగిన చంకకర్రను నా బల్ల మీద పడేశాడు. రెండు ముక్కలయింది. ఒక ముక్క దొర్లి కింద పడింది.

"ఇదిగో, నీ మేనకోడలి చదువు," అన్నాడు. "రేపట్నుంచి రాదు. నాకు కూతురు కావాలి గానీ చదువు కాదు."

పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేల మీద మా రోబో ఒకటి తన మానాన తాను పోయి గోడకు కొట్టుకుని, అక్కడే చక్రాలు తిప్పుతోంది. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

"పిల్ల ఎక్కడుందన్నయ్యా?"

"ఇంట్లో. మోచేయి చెక్కుకుపోయింది, అంతే. బండి కర్ర మీదెక్కి పోయింది. జానెడు ఇవతలికి వచ్చుంటే..."

మా అన్నయ్య పాల వ్యాను తోలతాడు. రోడ్డు మీద వాడి నోటికి అదుపుండదు. అలాంటి మనిషి మాట మధ్యలో ఆపేసేసరికి నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

"సాయంత్రం వస్తాను, మాట్లాడుకుందాం," అన్నాను.

"వస్తే భోంచేసి వెళ్ళు. మాట్లాడ్డానికేం లేదు," అని వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో అందరూ ఇంతే. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేనేం తక్కువ తినలేదు లెండి. ఇరవయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఒక్క పిల్లనీ నా చేతుల్లోంచి జారిపోనివ్వలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు సొంత మేనకోడలే జారిపోతోంది.

దాని అసలు పేరు బళ్ళో ఎవరికీ గుర్తులేదు. అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. మొదట వెక్కిరింపుకే అన్నారు. రెండు చంకకర్రల మీద నడిచే పిల్లను ఎక్స్‌ప్రెస్ అని ఇంకెందుకంటారు? పసితనంలోనే ఎడమ కాలు సన్నబడిపోయింది. దానికి ఇనప పట్టీల బూటు. ఇది మాత్రం ఏడవలేదు. "ఎక్స్‌ప్రెస్ వస్తోంది, గేటు తియ్యండ్రా!" అని తనే అరుచుకుంటూ తరగతిలోకి వచ్చేది. కొన్నాళ్ళకు వెక్కిరింపు పోయి పేరు మిగిలింది. లెక్కల్లో దాన్ని మించినవాళ్ళు మా బళ్ళో లేరు. మేనకోడలని చెప్పడం కాదు, కావాలంటే ఎవరినైనా అడగండి.

వాళ్ళింటికీ మా బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. ఆ రోడ్డే మా ప్రాణం తీస్తోంది. అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు, నడిమధ్య ఆగడానికి అరుగులాంటిది కూడా లేదు. మనుషులు దాటడానికి పచ్చదీపం వెలుగుతుంది, మంచిగా నడిచేవాళ్ళు కూడా చివర్లో పరుగెత్తాల్సిందే. కాస్త దూరంలో వంతెన ఉంది, దానికి మెట్లు. బడి వ్యాను అటుపక్కకు రాదు, అది తిరగాల్సిన మలుపు ఎక్కడో ఫ్యాక్టరీల దగ్గరుంది. ఆ పక్క మరో బడి లేదు. అన్నయ్య చీకటుండగానే పనికి పోతాడు. వదినది ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు.

నేను వచ్చి చేయి పట్టుకుని దాటిస్తానని ఎన్నోసార్లు చెప్పి చూశాను. "చేతులు రెండూ కర్రలకే ఇచ్చేశానత్తా. నీకేమివ్వను?" అనేది ఆ పిల్ల. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ సాయంత్రం వెళ్ళాను. మోచేతికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి లేవలేదు. అన్నయ్య కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగడం లేదు.

"రోజూ నేనే వచ్చి తీసుకెళ్తానన్నయ్యా," అన్నాను.

"నువ్వు పక్కనుంటే బండ్లు ఆగుతాయా? ఒకరికి బదులు ఇద్దరు పోతారు," అన్నాడు. "నేనూ బండి తోలేవాణ్ణే. దీపం మారగానే కాలు దానంతటదే నొక్కేస్తుంది. ముందెవరున్నారో కళ్ళు చూసేలోపే బండి కదుల్తుంది. తప్పు వాడిది కాదు, దీనిది కాదు. ఆ దీపానిది."

"అయితే దీపాన్నే మార్పిస్తాను."

"ఆహా! నీ మేనమామ ఇల్లనుకున్నావా, అడగ్గానే మార్చడానికి?" అన్నాడు. కంచం పక్కకు నెట్టి, "సరే. మార్పించు. మారాక నా కళ్ళముందు ఒక్కసారి దాటాలి. పచ్చదీపం ఉండగానే దాటితే బడికి పంపిస్తాను. దాటలేకపోయిందా, ఇక దాని చదువు సంగతి నా దగ్గర ఎత్తొద్దు. ఇంట్లో వాళ్ళమ్మకు సాయంగా ఉంటుంది," అన్నాడు.

గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల చటుక్కున లేచి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒట్టు?" అంది.

"ఒట్టు," అన్నాడు అన్నయ్య. నేనూ సరేనన్నాను.

మర్నాడు సెలవు పెట్టి సిగ్నళ్ళ ఆఫీసుకు పోయాను. అక్కడి ఇంజనీరు చెడ్డమనిషేమీ కాదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి విన్నాడు. విరిగిన కర్ర సంగతి చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. పరాయి మనిషి ముందు ఏడ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"అమ్మా, ఏడవకండి. కన్నీళ్ళకు సెకన్లు ఇవ్వలేను," అన్నాడు. "ఆ రోడ్డు ఒక్క సెకను ఎక్కువ ఆపితే బండ్ల వరస ఆసుపత్రి మలుపు దాకా పోతుంది. అంబులెన్సులో ఉన్నవాడూ ఒకరి బిడ్డే కదా? మీ పిల్ల నడకకు సరిగ్గా ఎంత కావాలో అంకె పట్టుకు రండి. అంతే ఇస్తాను, ఒక్కటీ ఎక్కువివ్వను. పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేను. అందుకని ఒక్కసారే మారుస్తాను, మళ్ళీ మళ్ళీ మార్చను."

అంకె! ఇన్నాళ్ళకు నా చేతిలో ఉన్నదాన్నే అడిగిన మనిషి ఒకడు దొరికాడు. నెలరోజులుగా నా తరగతిలో జరుగుతున్న పాఠం అదే మరి.

మా బడికి ఆరు రోబోలు వచ్చాయి. చేతులూ కాళ్ళూ ఉన్నవి కావు, ఒక్కోటి చెప్పుల పెట్టె అంత ఉంటుంది. రెండు చక్రాలు, ముందు దొర్లడానికొక గోళీ. ఇంత వేగంతో ఇన్ని సెకన్లు పొమ్మని కంప్యూటర్లో చెబితే పోయి ఆగుతాయి. రెండు సెకన్లకు ఎంత దూరం పోయింది, నాలుగుకు ఎంత అని పిల్లలు టేపుతో కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడతారు. చుక్కలు కలిపితే తిన్నటి గీత వస్తుంది. వేగం పెంచితే గీత నిటారుగా లేస్తుంది, తగ్గిస్తే వాలిపోతుంది. ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నా బుర్రకెక్కని పాఠాన్ని ఆ డబ్బాలు ఎక్కించేశాయి.

వాటిలో ఒకటి మహా మొండిది. మీట ఒకసారి నొక్కితే కదలదు, రెండోసారి, మూడోసారి నొక్కాలి. బతిమాలితే గానీ లేవడు గనక ఎక్స్‌ప్రెస్ దానికి అల్లుడుగారని పేరు పెట్టింది. అయితే ఒకసారి కదిలాడా, అంత నిలకడగా నడిచేది ఆరింటిలో మరోటి లేదు. అల్లుడుగారి చుక్కలు ఎప్పుడూ గీత మీదే పడేవి.

ఒక్కరోజుకని అన్నయ్యే, పిల్ల గింజుకుంటున్నా వినకుండా ఎత్తుకుని రోడ్డు దాటించి, కొత్త కర్రతో బళ్ళో దింపాడు. నేను తరగతికంతా సంగతి చెప్పాను. "ఇవాళ మనం కొలవబోయేది డబ్బా కాదు. మన ఎక్స్‌ప్రెస్ చదువు," అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. మా వెధవలు అంత బుద్ధిగా కూర్చోవడం అదే మొదలు.

వరండాలో స్కేలు అని పిలిచే పొడుగుపిల్ల టేపు పరిచి ఎనిమిది మీటర్ల దాకా సుద్దముక్కతో గీతలు గీసింది. వరండా అంతవరకే ఉంది. గడియారం అనే పిల్లవాడు స్టాప్‌వాచీ పట్టుకున్నాడు. పేరుకే గడియారం, రోజూ బడికి ఆలస్యంగా వచ్చేది వాడే. నడిచే మనిషి వేగం కొలవడం కష్టం, ఊగుతుంది, తడబడుతుంది. అందుకని అల్లుడుగారిని పక్కన నడిపించి, ఇద్దరూ సమానంగా నడిచేదాకా అల్లుడుగారి వేగం సరిచేద్దామని పిల్లలే అన్నారు. ఆ తర్వాత ఆయన వేగమే పిల్ల వేగం. భలే ఆలోచన అని నేనే చప్పట్లు కొట్టాను.

"నువ్వు మామూలుగా నడువు, చాలు," అన్నాను పిల్లతో. మొదట వేగం తక్కువ పెట్టారు. ఎక్స్‌ప్రెస్ ముందుకు పోయింది.

"అల్లుడుగారూ, అత్తారింట్లో కునుకు తీస్తున్నారా?" అని వెక్కిరించింది. అందరూ గొల్లుమన్నారు.

వేగం పెంచారు. అప్పుడూ ఇదే ముందు. ఇంకొంచెం పెంచారు. కర్రలు టకటకలాడుతున్నాయి. ఈసారి ఇద్దరూ భుజం భుజం కలిపినట్టు చివరి గీత దాటారు. వరండా అంతా ఈలలు, కేకలు. పిల్ల ముఖం వెలిగిపోతోంది. పైపెదవి మీద చెమట, మెడ మీద నరం కొట్టుకుంటోంది. ఇంకోసారి అన్నాను. ఇంకోసారీ సమానంగానే వచ్చింది. మూడోసారి తనే అడిగి మరీ నడిచింది.

"ఇక చాలు, కూర్చో తల్లీ. మిగతాది అల్లుడుగారు చూసుకుంటారు," అన్నాను.

అలాగే చూసుకున్నాడు. రెండున్నర సెకన్లకు రెండు మీటర్లు, అయిదుకు నాలుగు, పదికి ఎనిమిది. బోర్డు మీద చుక్కలు పెట్టి గీత గీశాను. స్కేలు ఆనించి ఆ గీతను అలాగే ముందుకు లాగాను. రోడ్డు వెడల్పు ఇరవైనాలుగు మీటర్లు. గీత అక్కడికి చేరేసరికి ముప్పై సెకన్లు. ఇప్పుడున్న పచ్చదీపం ఇరవై సెకన్లే. బోర్డు కేసి చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు అల్లుడుగారిని సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. వాళ్ళ వరండా పొడవాటిది, మా గీత మొత్తం అందులో పట్టింది. ఇంజనీరు తన చేతి గడియారం చూసుకుంటూ రోబో వెనకాలే నడిచాడు. గదుల్లోంచి గుమాస్తాలు తొంగిచూశారు. ఇరవైనాలుగో మీటరు దగ్గర అల్లుడుగారు ఆగాడు. సరిగ్గా ముప్పై.

"శభాష్," అన్నాడు ఇంజనీరు. "జనం నా దగ్గరికి కేకలేసుకుంటూ వస్తారు. గ్రాఫు పట్టుకుని వచ్చింది మీరొక్కరే. ముప్పై ఇస్తున్నాను. ఈ అంకె మీద మీకు నమ్మకమేగా? ఒక్కసారే అన్నాను, గుర్తుందిగా?"

"మా గీత తప్పదు సార్," అన్నాను.

రెండు రోజుల్లో దీపం మారింది. అన్నయ్య డ్యూటీ ఇంకొకడికి అప్పజెప్పాడు. పొద్దున బడి గంటకు ముందే అన్నయ్యా, పిల్లా అటు గట్టున నిలబడ్డారు. ఇటు గట్టున నేనూ, నా తరగతీ. ఎవరూ రమ్మనలేదు, పిల్లలే వచ్చేశారు. అల్లుడుగారిని కూడా చంకన పెట్టుకొచ్చారు. ఎక్స్‌ప్రెస్ యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, జడలు బిగించి వేసుకుని వచ్చింది. అంత దూరం నుంచి కూడా దాని పళ్ళు కనిపిస్తున్నాయి, నవ్వుతోంది.

పచ్చదీపం పడింది. బండ్లు ఆగాయి. పిల్ల దిగింది.

దేవుడా, ఎంత బాగా నడిచింది! వరండాలో నడిచినట్టే. కర్రలు, కాలు, కర్రలు, కాలు. ఒక వరస దాటింది, రెండు దాటింది. "పద పద పద!" అని పిల్లలు అరుస్తున్నారు. గడియారంగాడు సెకన్లు పైకి చదువుతున్నాడు. పది అన్నప్పుడు ఎనిమిది మీటర్ల దగ్గరుంది, గీత మీదే ఉంది. నాకు ఒళ్ళంతా పులకరించింది. ఇక ఫరవాలేదు అనుకున్నాను.

రోడ్డు మధ్యకు వచ్చాక కర్ర వేయడానికీ కాలు వేయడానికీ నడుమ సందు పెరిగింది. మొదట నాకర్థం కాలేదు. బూటులో రాయేమైనా పడిందేమో అనుకున్నాను. తర్వాత దాని భుజాలు చూశాను. చెవుల దాకా లేచిపోయి ఉన్నాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఒక్కో అడుగుకూ ఆగి, ఒళ్ళంతా కూడదీసుకుని, మళ్ళీ కర్ర ఎత్తుతోంది.

అప్పుడర్థమైంది. మేము దాన్ని ఎనిమిది మీటర్లే నడిపించాం. మిగతా రోడ్డంతా నడిచింది ఆ డబ్బా. డబ్బాకు ఆయాసముంటుందా? చంకలు ఒరుసుకుపోతాయా? చివరి మీటరు మొదటి మీటరంత తేలిగ్గానే ఉంటుంది దానికి. నేను స్కేలు పెట్టి లాగిన ఆ గీతలో నా మేనకోడలు ఎక్కడుంది?

"ఇరవై అయిదు," అన్నాడు గడియారంగాడు. పిల్లల అరుపులు ఆగిపోయాయి.

"రావే! రావే తల్లీ! ఇంకొంచెం!" అని నేను అరిచాను. అది తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు ఈ జన్మలో మర్చిపోలేను. వస్తున్నానత్తా, కానీ రాలేకపోతున్నాను అన్నట్టు చూసింది.

పచ్చదీపం ఆరిపోయింది. పిల్ల ఇంకా చివరి వరసకు అవతలే ఉంది.

వెనకనున్న వరసల్లో బండ్లు ఒక్కసారిగా ఉరికాయి. పెద్ద లారీ ఒకటి దాని వీపు వెనక నుంచి పోయింది. ఆ వెనకే బస్సు. అన్నయ్య కనబడకుండా పోయాడు. ఇటు చివరి వరసలో ఎర్ర కారొకటి గర్రుమంటోంది. నేనెప్పుడు రోడ్డు మీదికి దూకానో నాకు తెలియదు. రెండు చేతులూ చాపి ఆ కారు ముందు నిలబడ్డాను. మోకాళ్ళకు దాని ముందుభాగం తగిలింది. "చావాలనుందా, ముసల్దానా?" అని లోపలివాడు అరిచాడు. "నోర్ముయ్!" అని నేనూ అరిచాను. నా వీపు వెనక కర్రల చప్పుడు వినబడుతోంది. టక్. టక్. ఎంతకీ తెమలదు. స్కేలుపిల్ల దాని నడుం పట్టుకుని గట్టు మీదికి లాగింది.

కాలిబాట మీద కూలబడింది. ఊపిరి అందడం లేదు. చంకల దగ్గర చొక్కా తడిసి, ఒకపక్క కొంచెం ఎర్రబడింది. నేను పక్కన కూర్చుని దాన్ని పొదువుకున్నాను.

"వరండాలో అంత వేగంగా ఎందుకు నడిచావే?" అన్నాను. "మామూలుగా నడవమన్నానా లేదా?"

"అందరూ చూస్తున్నారు కదత్తా," అంది వగరుస్తూ. "డబ్బా కంటే వెనకపడమంటావా?"

"నీ పౌరుషం తగలెయ్య!" అన్నాను. దాన్ని తిడుతూనే దాని తలను గుండెకేసి అదుముకుని ఏడ్చాను. ఎవర్ని తిట్టాలి? సమానంగా వచ్చిందని చప్పట్లు కొట్టిందెవరు?

అది నా చీర పట్టుకుంది. "అత్తా, నాన్న చూళ్ళేదు. బస్సు అడ్డమొచ్చింది. నేను చూశాను. దాటానని చెప్పు."

నేను చేయి చాచి దాని కర్రలు దగ్గరికి లాక్కున్నాను.

"నీ కాళ్ళు పట్టుకుంటాను. రోజూ నడిస్తే అలవాటైపోతుంది. నెల తిరిగేసరికి ముప్పైలో దాటేస్తాను. ఒట్టు. దాటానని చెప్పత్తా. ఇంట్లో కూర్చోలేను. నావల్ల కాదు."

మళ్ళీ పచ్చదీపం పడింది. అన్నయ్య పరుగున దాటి వస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వచ్చి, పిల్ల తల మీద, భుజాల మీద, కాళ్ళ మీద చేతులు వేసి తడిమి చూశాడు. అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక లేచి నిలబడ్డాడు.

"దాటిందా? పచ్చ ఉండగానే దాటిందా?"

"దాటేసింది అంకుల్! బ్రహ్మాండంగా దాటింది!" అన్నాడు గడియారంగాడు. వాడి వెనకాలే స్కేలు, "అవునంకుల్, ఇంకా టైముంది కూడా," అంది. తరగతంతా తలలూపింది. అబద్ధమాడుతున్న పిల్లల్ని చూసి అంత ప్రేమ నాకెప్పుడూ కలగలేదు.

అన్నయ్య వాళ్ళవైపు చూడనైనా చూడలేదు. "పిల్లలు చెప్పేది కాదు. నువ్వు చెప్పు చెల్లీ. లెక్కలు చెప్పేదానివి నువ్వు. నువ్వు ఊఁ అంటే రేపట్నుంచి రోజూ పంపిస్తాను. వెనక నుంచి చూస్తే గట్టెక్కిందో లేదో తెలియలేదు, అంతలో లారీ అడ్డమొచ్చింది. నీ మాటే నమ్ముతాను."

ఊఁ అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరవనక్కర్లేదు కూడా. నా చీర కుచ్చిళ్ళు పిల్ల గుప్పిట్లో ఉన్నాయి. రేపు ఈ గట్టున నేనుంటాను, ఆ కారును ఆపుతాను. ఎల్లుండీ ఆపుతాను. నేను రాని రోజున? అది ముందుగా ఇంటికి బయలుదేరిన రోజున? వాన పడి కర్ర జారిన రోజున? ఎదుటివాడి కాలు దానంతటదే నొక్కేస్తుందని చెప్పినవాడు నా ముందే నిలబడి ఉన్నాడు.

"దాటలేదన్నయ్యా," అన్నాను. "చివరి వరస మిగిలిపోయింది. నేను బండికి అడ్డం పడ్డాను."

చీర మీద పట్టు వదిలింది.

"మా కొలత తప్పు," అన్నాను గబగబా. "పిల్లది తప్పు కాదు. మొత్తం దూరం నడిపించి మళ్ళీ కొలుస్తాను. ఆ ఇంజనీరు కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క వారం ఆగు, నీకు పుణ్యముంటుంది..."

"ఎన్నిసార్లు కొలుస్తావే నా కూతుర్ని?" అన్నాడు అన్నయ్య. అరవలేదు. అరిచినా బాగుండేది. "నడి రోడ్డు మీద పెట్టి కొలిచావుగా. చాలు."

"అన్నయ్యా..."

"ఇక ఆ మాట ఎత్తొద్దన్నాను. నువ్వూ సరేనన్నావు."

అవును, సరేనన్నాను. నా మీద నాకంత నమ్మకం.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. భుజాల నుంచి బడి సంచి తీసి స్కేలుపిల్ల చేతికిచ్చింది. "పుస్తకాలు లైబ్రరీవి. ఇచ్చెయ్యి," అంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఒక్క అబద్ధం ఆడలేకపోయావు," అంది. "నువ్వు నాకు అత్తవి కావు."

ఆ పిల్లను బతికించుకోవడానికి నిజం చెప్పానని అందామనుకున్నాను. దాని ముఖం చూస్తే ఆ మాట అనడానికి నోరు రాలేదు. బతికించి ఎక్కడికి పంపిస్తున్నాను? నాలుగు గోడల మధ్యకు.

పచ్చదీపం పడింది. ఇన్నేళ్ళలో తనను ఎవరైనా ఎత్తుకోబోతే కర్రతో కొట్టినంత పని చేసే పిల్ల, తండ్రి వంగగానే గొడవ చేయకుండా మెడ చుట్టూ చేతులు వేసింది. కర్రలు రెండూ అన్నయ్య చంకలో పెట్టుకున్నాడు. వాడు పొడుగు మనిషి, పెద్ద పెద్ద అంగలేస్తూ వెళ్ళాడు. తండ్రి భుజం మీదుగా అది ఇటే చూస్తోంది గానీ నన్ను కాదు, నా వెనకనున్న బడిని.

వాళ్ళు అవతలి గట్టెక్కి సందు మలుపు తిరిగారు. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. బండ్లన్నీ ఆగి ఉన్నాయి. రోడ్డు దాటేవాళ్ళు ఎవరూ లేరు.